బ్రెడ్ బయట పెడితే బూజు, ఫ్రిజ్‌లో పెడితే అట్టముక్క

ప్రశ్న: మాది విజయవాడ. ఇంట్లో నేను, మావారు, అత్తయ్యగారు, ముగ్గురమే. 400 గ్రాముల శాండ్‌విచ్ బ్రెడ్ తెస్తే అయిపోవడానికి ఐదారు రోజులు పడుతోంది. బయట ఉంచితే మూడో రోజుకో నాలుగో రోజుకో ఆకుపచ్చ మచ్చలు వస్తున్నాయి. ఆ భయంతో ఫ్రిజ్‌లో పెడితే ఒక్క రాత్రికే అట్టముక్కలా తయారవుతోంది. బూజు ఉన్న మేరకు తుంచేసి పెనం మీద కాలిస్తే ఏమీ కాదని అత్తయ్యగారు అంటారు. నిజమేనా? ఇంకో సంగతి. ఈమధ్య గోధుమపిండితో ఇంట్లోనే బ్రెడ్ చేస్తున్నాను. రెండో రోజుకే లోపల జిగురు జిగురుగా అయి, బాగా మాగిన పండు వాసన వస్తోంది. బూజు మాత్రం ఎక్కడా కనపడదు. తప్పు ఎక్కడ జరుగుతోంది?

సమాధానం: మీరు మూడు ఇబ్బందులు రాశారు. మూడింటికీ కారణాలు వేరు. బూజు ఒక జబ్బు, గట్టిపడటం ఇంకో జబ్బు, ఆ జిగురు మూడోది. ఒకదానికి వేసిన మందు రెండోదాన్ని పెంచుతోంది కాబట్టే బయట పెట్టినా, ఫ్రిజ్‌లో పెట్టినా మీకు నష్టమే కనిపిస్తోంది. చేయాల్సిన పని ముందు చెప్పేస్తాం, కారణాలు తర్వాత చూద్దాం.

ప్యాకెట్ తెచ్చిన రోజే రెండు భాగాలు చేయండి. ఈ రెండు రోజుల్లో తినేవి బయట ఉంచండి. మిగతావన్నీ ఆ రోజే ఫ్రీజర్‌లోకి వెళ్లిపోవాలి. కింది అరల్లోకి కాదు, ఐస్ గడ్డకట్టే ఫ్రీజర్‌లోకే. స్లైసు సుమారు 25 గ్రాములు అనుకుంటే 400 గ్రాముల ప్యాకెట్‌లో 16 దాకా ఉంటాయి. మీ లెక్క ప్రకారం రోజుకు మూడు ఖర్చవుతున్నాయి. ఆరు బయట, పది ఫ్రీజర్‌లో. మూడో రోజు వరకు ఆగి, మిగిలినవి అప్పుడు ఫ్రీజర్‌లో పెడదాం అనుకోవద్దు. ఫ్రీజర్ బ్రెడ్‌ని ఉన్న స్థితిలో ఆపుతుంది, పాతదాన్ని తాజాగా మార్చదు.

ఇక ఫ్రిజ్‌లో అట్టముక్క ఎందుకవుతుందో చూద్దాం. బ్రెడ్ గట్టిపడితే తేమ ఆరిపోయిందని అనుకుంటాం. అది కొంతవరకే నిజం. కవర్ బిగించి, తేమ చుక్క కూడా బయటకు పోకుండా ఉంచినా బ్రెడ్ గట్టిపడుతుంది. అసలు మార్పు జరిగేది పిండిలోని స్టార్చ్‌లో. ఓవెన్ వేడికి అది నీళ్లు పీల్చుకుని, ఉబ్బి, మెత్తబడుతుంది. చల్లారడం మొదలైనప్పటి నుంచీ మళ్లీ దగ్గరకు చేరి బిగుసుకుంటుంది. ఈ బిగుసుకోవడం అన్నిటికంటే వేగంగా సాగేది సున్నాకి కాస్త పైన, సుమారు 4 డిగ్రీల దగ్గర. మీ ఫ్రిజ్ కింది అరల్లో ఉండేది దాదాపు అదే చలి. రాత్రి మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున తీస్తే మెతుకు బిరుసెక్కి ఉంటుంది కదా, అక్కడ జరిగేదీ ఇదే. ఆ అన్నాన్ని ఆవిరి మీద వేడిచేస్తే మెత్తబడినట్టే, బ్రెడ్ కూడా లోపల 60 డిగ్రీలు దాటితే మళ్లీ మెత్తబడుతుంది. అయితే ఆ మెత్తదనం వేడి ఉన్నంతసేపే. చల్లారాక ముందుకంటే త్వరగా బిగుసుకుంటుంది. అందుకే వేడిచేసిన బ్రెడ్ అప్పటికప్పుడు తినేయాలి.

ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర బ్రెడ్‌లోని నీరు చాలావరకు గడ్డకడుతుంది. స్టార్చ్ కదలడానికి వీలు లేక బిగుసుకోవడం దాదాపు ఆగిపోతుంది. బూజు కూడా పెరగదు. పెరగదు అన్నామే గానీ చస్తుందని కాదు. బయటకు తీసి వెచ్చబడ్డాక ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మళ్లీ మొదలుపెడుతుంది.

ఫ్రీజర్‌లో పెట్టే పద్ధతిలో కొంచెం శ్రద్ధ కావాలి. స్లైసులు మూడేసి చొప్పున చిన్న జిప్ లాక్ కవర్లలో వేయండి. కవర్‌ని బల్ల మీద పరిచి, అరచేత్తో కింది నుంచి పైకి మెల్లగా నిమురుతూ గాలంతా బయటకు పంపి, అప్పుడు జిప్ మూయండి. స్లైసులు నలగకూడదు. కవర్ మాత్రం వాటికి అంటుకుని ఉండాలి. కవర్‌లో గాలి మిగిలితే బ్రెడ్‌లోని తేమ ఆ ఖాళీలోకి వచ్చి మంచు పొడిలా పేరుకుంటుంది. స్లైసు అంచులు తెల్లబారి, తింటే పొడిపొడిగా ఉంటాయి. స్లైసులు ఒకదానికొకటి అతుక్కుంటాయని అనుమానముంటే మధ్యలో బటర్ పేపర్ ముక్క పెట్టండి. మామూలు శాండ్‌విచ్ బ్రెడ్‌కి అంత అవసరం రాదు, గడ్డకట్టాక చాకు మొన సందులో పెట్టి తిప్పితే విడిపోతాయి. మిల్క్ బ్రెడ్, ఫ్రూట్ బ్రెడ్ మెత్తగా ఉంటాయి కాబట్టి వాటికి పేపర్ మంచిది.

ఈ చిన్న కవర్లన్నీ ఇంకో పెద్ద కవర్‌లోనో, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలోనో పెట్టాలి. రెండో పొర ఎందుకంటే, బ్రెడ్ వాసనలను ఇట్టే పట్టేస్తుంది. ఫ్రీజర్‌లో చేపలు, రొయ్యలు, అల్లం వెల్లుల్లి ముద్ద ఉంటే వారం తిరిగేసరికి టోస్ట్‌లో ఆ వాసన తెలుస్తుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే ఇంకో జాగ్రత్త. అందులో ఫ్రీజర్ గోడలకు మంచు పేరుకుంటుంది, డీఫ్రాస్ట్ చేసినప్పుడు నీరు కారుతుంది. ఆ రోజు బ్రెడ్ డబ్బా బయటకు తీసేయండి. డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో మంచు పేరుకోదు. కానీ మంచు కరిగించడానికి అది తనంతట తానే అప్పుడప్పుడూ కాస్త వేడెక్కుతుంది, లోపల పొడిగాలి తిరుగుతూ ఉంటుంది. వదులుగా కట్టిన బ్రెడ్ అందులో త్వరగా ఎండిపోతుంది. ఇలా జాగ్రత్తగా పెట్టిన బ్రెడ్ మూడు నాలుగు వారాలు రుచి తగ్గకుండా ఉంటుంది. ఆ తర్వాత పాడైపోదు గానీ పొడిబారుతుంది.

తీసేటప్పుడు టోస్ట్ కోసమైతే కరిగించే పని లేదు. ఫ్రీజర్ నుంచి నేరుగా టోస్టర్‌లో వేసి, మామూలు కంటే ఒక నంబరు ఎక్కువ పెట్టండి. టోస్టర్ లేకపోతే పెనం బాగా సన్నటి సెగ మీద పెట్టి, స్లైసులు వేసి, మూత పెట్టి ఒక నిమిషం ఉంచండి. తిరగేసి మళ్లీ ఒక నిమిషం. అప్పుడు మూత తీసి, నెయ్యో వెన్నో వేసి రంగు వచ్చేదాకా కాల్చుకోండి. మొదటి నుంచే సెగ పెంచితే పైన మాడి లోపల చల్లగా ఉంటుంది. నిజానికి ఇదే మంచి పద్ధతి. బ్రెడ్ ఆ 4 డిగ్రీల దగ్గర తచ్చాడకుండా ఒక్కసారిగా వేడెక్కిపోతుంది కాబట్టి గట్టిపడే సమయమే దొరకదు. మెత్తటి శాండ్‌విచ్ కావాలంటే, స్లైసుల్ని కవర్‌లోనే ఉంచి అరగంట బయట పెట్టండి. విజయవాడ ఎండాకాలంలో పావుగంట చాలు. గది వేడికి వచ్చేదాకా కవర్ తెరవకండి. తెరిస్తే గాలిలోని తేమ చల్లటి బ్రెడ్ మీదే నీరుగా దిగి, పైపొర తడిసిపోతుంది. మూసి ఉంచితే ఆ నీరు కవర్ బయట పడుతుంది, తుడిచేస్తే సరిపోతుంది. రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరిగించడం మాత్రం వద్దు. మాంసానికి అది సరైన పద్ధతి, బ్రెడ్‌కి కాదు.

కరెంటు పోయి ఫ్రీజర్‌లో బ్రెడ్ మెత్తబడిపోతే మళ్లీ గడ్డకట్టించకండి. తినకూడదని కాదు. రెండోసారి గడ్డకట్టినది కరిగాక పొడిపొడిగా రాలిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో టోస్ట్ చేసుకుని వాడేయండి.

ఇప్పుడు బయట ఉంచే ఆ ఆరు స్లైసుల సంగతి. మన ఇళ్లలో బ్రెడ్ ప్యాకెట్ ఎక్కువగా కనిపించే చోటు ఫ్రిజ్ నెత్తి. ఇంటి మొత్తంలో బ్రెడ్‌కి పనికిరాని చోటు ఏదైనా ఉందంటే అదే. లోపలి వేడిని ఫ్రిజ్ బయటకు తోస్తుంది, ఆ వెచ్చటి గాలి పైకే వస్తుంది. బూజుకి 25 నుంచి 30 డిగ్రీల వేడి, తేమ ఉంటే పండగే. స్టవ్ పక్కన, కుక్కర్ ఆవిరి తగిలే అరలో, ఎండ పడే కిటికీ దగ్గర కూడా వద్దు. వంటింటి బయట, హాల్లో గోడ అలమరలో కింది వరుస మంచిది. మాగుతున్న అరటిపళ్లు, మామిడిపళ్లు, జామపళ్లు ఉన్న బుట్ట పక్కన కూడా పెట్టవద్దు. పాడవుతున్న పండు మీది బూజు రేణువులు గాలిలో లేచి పక్కనున్న వాటి మీద వాలతాయి.

ఓవెన్ వేడికి బూజు రేణువులు చచ్చిపోతాయి. అంటే బ్రెడ్ మీద బూజు లోపలి నుంచి వచ్చింది కాదు, చల్లారేటప్పుడో, కోసేటప్పుడో, మీ ఇంట్లో కవర్ విప్పాకో పైనుంచి వాలింది. కంపెనీ ప్యాకెట్ల మీద 282 అనే అంకె ఉంటుంది, అది కాల్షియం ప్రొపియోనేట్. బూజును కొన్ని రోజులు అదుపులో ఉంచుతుంది. ఎప్పటికీ ఆపలేదు. కవర్‌లోకి తడి చెయ్యి వెళ్లిందంటే దాని శక్తి చాలదు. టిఫిన్ హడావిడిలో గిన్నె కడిగిన చేత్తోనే స్లైసు లాగడం అందరిళ్లలోనూ జరిగేదే. మచ్చలు ముందు కనపడేది కూడా అలా వేళ్లు తగిలిన అంచుల మీదే. కాబట్టి చెయ్యి పొడిగా తుడుచుకోండి. కావలసిన స్లైసులు ఒకేసారి తీసుకోండి. గాలి నొక్కేసి, కవర్ మూతిని రెండు మెలికలు తిప్పి, బట్టల క్లిప్పు పెట్టండి. మొదట్లో ఉండే మందపాటి చివరి ముక్కను పారేయకుండా మూతలా ముందు వైపే ఉంచండి. ఎండితే అది ఎండుతుంది, వెనకవి మెత్తగా ఉంటాయి.

చీమల కోసం ప్యాకెట్‌ని స్టీలు డబ్బాలో పెట్టడం మంచిదే. కవర్ తీసేసి ఉత్త స్లైసులు డబ్బాలో పేర్చకండి. డబ్బాలోని తేమ రాత్రిపూట గోడలకు చుక్కలుగా పట్టి, తగిలిన చోటల్లా బ్రెడ్ తడుస్తుంది. వీధి చివర బేకరీలో సాయంత్రం వేడివేడిగా దొరికే బ్రెడ్‌కీ ఇదే ఇబ్బంది. ప్యాక్ చేసినప్పుడు వేడి తగ్గకపోతే కవర్ లోపల పొగమంచులా తడి కనిపిస్తుంది. ఇంటికి రాగానే మూతి విప్పి, పూర్తిగా చల్లారాక, లోపలి తడి పొడి గుడ్డతో తుడిచి మళ్లీ కట్టండి. వానాకాలంలో బయట ఉంచే గడువు రెండు రోజుల నుంచి ఒక్క రోజుకి తగ్గించుకోండి.

ఫ్రీజర్‌లో చోటే లేదు, అప్పుడెలా? అప్పుడు ఫ్రిజ్ కింది అరే దిక్కు. బూజు నెమ్మదిస్తుంది, బ్రెడ్ గట్టిపడుతుంది. ఆ బ్రెడ్ టోస్ట్‌కి, బ్రెడ్ ఆమ్లెట్‌కి మాత్రమే అని ముందే అనుకుంటే నిరాశ ఉండదు.

అత్తయ్యగారి మాటకు వద్దాం. తిండి పారేయడానికి మనసొప్పని పెద్దవాళ్లు అలా అనడం సహజం. కానీ ఈ విషయంలో వినకండి. పైకి కనిపించే ఆకుపచ్చ మచ్చ బూజు కాసిన రేణువులు మాత్రమే. దాని సన్నటి పోగులు అప్పటికే లోపలికి, పక్క స్లైసుల్లోకి పాకి ఉంటాయి, అవి కంటికి కనపడవు. బ్రెడ్ గుల్లగా ఉంటుంది కాబట్టి పాకడం తేలిక. పెనం వేడికి బూజు చావొచ్చు. కొన్ని రకాల బూజులు వదిలే విషపదార్థాలు మాత్రం ఆ వేడికి చెక్కుచెదరవు. ఒక్క స్లైసు మీద మచ్చ కనిపించినా ప్యాకెట్ మొత్తం కట్టి పారేయండి. వాసన చూసి తేల్చుకుందామని ముక్కు దగ్గర పెట్టుకోవద్దు, ఆ రేణువులు ఉబ్బసం ఉన్నవాళ్లకు బాగా ఇబ్బంది. ఆవుకో, కోళ్లకో వేయడం కూడా మంచిది కాదు. బూజు పట్టిన మేతలో ఉండే అఫ్లటాక్సిన్ అనే బూజు విషం మార్పు చెంది పాలలోకి వస్తుంది. ఆ ప్యాకెట్ ఉన్న డబ్బాను సబ్బునీళ్లతో కడిగి, వెనిగర్ నీళ్లతో తుడిచి, ఎండలో ఆరనిచ్చాకే కొత్త ప్యాకెట్ పెట్టండి.

బూజు లేకుండా ఉత్తగా గట్టిపడిన బ్రెడ్ సంగతి వేరు. అది పాడైనట్టు కాదు. పావ్, బన్ను గట్టిపడితే ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగించి, రేకుల మీద పెట్టి, మూత లోపల పొడి గుడ్డ కట్టి ఒకటి రెండు నిమిషాలు ఆవిరి పట్టండి. గుడ్డ లేకపోతే మూత మీది చుక్కలు పడి బన్ను తడి ముద్దవుతుంది. మైక్రోవేవ్ అయితే తడి చేసి పిండిన టిష్యూ చుట్టి 10 నుంచి 15 సెకన్లు, అంతే. దాటితే రబ్బరులా సాగుతుంది. హైదరాబాదు డబుల్ కా మీఠాకి అసలు కాస్త ఎండిన బ్రెడ్డే మేలు. తాజా స్లైసు వేయించేటప్పుడు వంగిపోతుంది, పాకంలో వేయగానే విరిగి ముద్దవుతుంది. ఎండినది విడిపోకుండా పాకం, పాలు పీల్చుకుంటుంది. కట్లెట్ల కోసం పొడి కావాలంటే 120 డిగ్రీల ఓవెన్‌లో 15, 20 నిమిషాలు పెట్టి, విరిస్తే టక్‌మనేలా అయ్యాక, చల్లార్చి మిక్సీ పట్టండి. లోపల ఏమాత్రం మెత్తదనం మిగిలినా ఆ పొడి డబ్బాలో బూజు పడుతుంది.

చివరిగా మీ గోధుమ బ్రెడ్. మీరు రాసిన గుర్తులన్నీ ఒక్కదానికే సరిపోతున్నాయి. దీన్ని బేకరీ వృత్తిలో రోప్ అంటారు. బూజు కాదు, బ్యాసిల్లస్ జాతి బ్యాక్టీరియా పని. ఇది మట్టిలో ఉండేది, గోధుమ పొట్టుకి అంటుకుని పిండిలోకి వస్తుంది. అందుకే మైదా బ్రెడ్‌లో కంటే పొట్టుతో మర ఆడించిన పిండితో చేసిన బ్రెడ్‌లో ఎక్కువ. ఓవెన్ ఎంత వేడిగా ఉన్నా బ్రెడ్ నడిబొడ్డు 100 డిగ్రీలు దాటదు, ఆ వేడికి దీని బీజాలు చావవు. తర్వాత 30, 40 డిగ్రీల గదిలో బ్రెడ్ లోపల తేమ చూసుకుని లేస్తాయి. నిర్ధారించుకోవాలంటే ముక్కను విరిచి రెండు వేళ్లతో మెల్లగా విడదీయండి. బెండకాయ జిగురులా సన్నటి తీగలు సాగితే అదే. తినకూడదు, పారేయాలి. చేసిన రోజే జిగురుగా ఉండి, వాసనేమీ లేకపోతే అది రోప్ కాదు, సరిగా కాలకపోవడమో, వేడిమీదే కోసేయడమో కారణం.

రోప్‌కి విరుగుడు పులుపు. అర కిలో పిండికి ఒక టేబుల్ స్పూన్, అంటే 15 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్ కలపండి. కలిపే నీళ్లలో అంత తగ్గించుకోండి. బ్రెడ్ పుల్లబడదు, ఈస్ట్ పొంగడానికీ అడ్డం రాదు. వంటింటి థర్మామీటర్ ఉంటే నడిమధ్య గుచ్చి 95 డిగ్రీలు దాటిందో లేదో చూడండి. లేకపోతే అడుగున వేళ్లతో తట్టండి, డొల్ల చప్పుడు రావాలి. తీయగానే టిన్నులోంచి బయటకు దించి, జాలీ స్టాండ్ మీద, కింద కూడా గాలాడేలా రెండు మూడు గంటలు చల్లార్చండి. గుడ్డ కప్పి మూల పెడితే లోపలి వేడి గంటల తరబడి నిలిచిపోతుంది, బ్యాక్టీరియాకి కావలసింది అదే. కంపెనీ బ్రెడ్‌లో ఉండే 282 మీ బ్రెడ్‌లో లేదు కాబట్టి దీనికి రెండు రోజుల గడువు ఇవ్వకండి. చల్లారగానే కోసి, ఆ పూటకి కావలసినవి ఉంచుకుని మిగతావి ఫ్రీజర్‌లో పెట్టేయండి.

మళ్లీ చేసేముందు టిన్ను, చాకు, కోసే పీట, పిండి మీద కప్పే గుడ్డ, అన్నీ వేడి సబ్బునీళ్లతో కడిగి, ఒక వంతు వెనిగర్‌కి మూడు వంతుల నీళ్లు కలిపి తుడిచి ఎండబెట్టండి. మిగిలిన ముక్కల్ని పొడి చేసి కొత్త పిండిలో కలపవద్దు, జబ్బును తెచ్చి అంటించినట్టే. ఇంత చేసినా రెండోసారి అదే వాసన వస్తే పిండి డబ్బా ఖాళీ చేసి, కడిగి, వేరే గోధుమలు మర ఆడించుకోండి. డబ్బాలో మిగిలిన పాత పిండి పుల్కాలకు వాడుకోవచ్చు. పుల్కా కాల్చిన వెంటనే తినేస్తాం కాబట్టి ఆ బీజాలకు పెరిగే సమయం ఉండదు.